నీడలో ఆరిన ఆకు

జూన్ 3, సోమవారం

పరగడుపున 164.

ఈ డైరీ మా ఆవిడ కొనిచ్చింది. డాక్టరు రోజూ షుగరు రాసుకోమంటే నేను చిత్తుకాగితాల మీద రాసి పారేస్తున్నానని ఆమె కోపం. "ఎలుకలన్నిటి షుగరూ మీ పుస్తకాల్లో భద్రంగా ఉంటుంది, మీది తప్ప," అంది. తను చదవనని మాటిచ్చింది. ఆమె మాటంటే మాటే. కాబట్టి ఇందులో షుగరుతోపాటు నా సొద కూడా రాసుకోవచ్చు.

మొదటి రోజే 164కి బదులు 146 అని రాసి, ల్యాబు అలవాటు కొద్దీ ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వేశాను. మా దగ్గర తప్పు రాస్తే రబ్బరుతో చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు. గీత కింద ఆ తప్పు కూడా కనబడుతూ ఉండాలి. ఆ నియమాన్ని పెద్ద అక్షరాలతో మా గది గోడకి అంటించింది నేనే.

ఆమెకు మాత్రం 140 అని చెప్పాను.

ఇవాళ ఆకు వచ్చింది. నాలుగు గోతాలు. ఆకుల పెద్దమ్మ, ఆమె కోడలు చెరో రెండు దించారు. పెద్దమ్మ ముప్పై ఏళ్ళుగా కొండ మీద మందుమొక్కలు కోసి పరిశోధనశాలలకీ మందులు తయారుచేసేవాళ్ళకీ ఇస్తోంది. మాకైతే పదకొండేళ్ళుగా. ప్రతి గోతం మీదా పువ్వుతో సహా ఒక రెమ్మ గుచ్చి తెస్తుంది. "ఇదిగో, దీని మొహం చూసుకో. తర్వాత నన్నడగొద్దు," అంటుంది. ఆమెకిది చేదుతీగ. మా పుస్తకాల్లో పదిహేడో ఆకు. రెండేళ్ళ కిందట, కొవ్వు మేత తిని షుగరు తెచ్చుకున్న ఎలుకలకి దీని రసం పోస్తే షుగరు దిగింది, కాలేయంలో కొవ్వు కూడా తగ్గింది. అదే ఫలితం ఇంకోసారి వస్తే తర్వాత మనుషుల మీద పరీక్షకు పోవచ్చు. నాలాంటివాళ్ళ మీద.

"వాసన చూడు బాబూ," అని పెద్దమ్మ ఒక ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది. పచ్చిగా, ఘాటుగా ఉంది. "ఎండ తగలనివ్వకు. దీనికి వేడి బొత్తిగా పడదు."

పదకొండేళ్ళుగా ఈ మాట ప్రతిసారీ చెబుతుంది. నా పరిశోధనపత్రంలో నేను రాసిన మాటే నాకు చెబుతోందని నవ్వుకున్నాను. రెమ్మల్ని గ్లాసులో నీళ్ళు పోసి బల్ల మీద పెట్టాను. నొక్కి అట్టకి అంటించి దాచాలి. రేపు చేస్తాను.

జూన్ 7, శుక్రవారం

168. ఆమెకు 142.

ఐదు రోజులుగా వాన. ఆరబెట్టే గదిలో కాగితాల మీద ఆకు పరిచినట్టే ఉంది, తడి వదలడం లేదు. కింది పొరలో బూజు వాసన మొదలైంది.

పెద్దసారు, అంటే మా విభాగాధిపతి, రెండుసార్లు పిలిపించారు. ఎలుకలు సిద్ధంగా ఉన్నాయి. పన్నెండు వారాలు కొవ్వు మేత తిన్నాయి, ఇంకా ఆగితే వయసు దాటి లెక్కకి పనికిరావు. "సోమవారానికి పొడి నా బల్ల మీద ఉండాలయ్యా. వాన పడిందని ఎలుకలకి చెబుతావా?" అన్నారు.

జూన్ 9, ఆదివారం

ల్యాబుకి వెళ్ళొచ్చాను. చిన్న పని.

చొక్కా ఉతకడానికి తీస్తూ మా ఆవిడ, "ఏదో మాడినట్టు వాసన వస్తోందేమిటండీ?" అంది. క్యాంటీనులో నిలబడ్డానన్నాను. ఆదివారం క్యాంటీను ఉండదని ఆమెకు తెలియదనుకుంటాను.

జూన్ 10, సోమవారం

ఆకు ఆరింది. నీడలోనే ఆరింది. పొడి కొట్టి సీసాల్లో పోశాం. ల్యాబు నోటుబుక్కులోనూ అదే రాశాను: నీడన ఏడు రోజులు ఆరబెట్టడమైనది.

పొడి రంగు బాగానే ఉంది. కొంచెం ముదురుగా ఉందేమో. వానాకాలపు ఆకు అలాగే ఉంటుంది.

గ్లాసులో రెమ్మలు వాడిపోయి ఊడ్చేవాళ్ళ చేతికి పోయాయి. ఫరవాలేదు, ఎవరడుగుతారు?

జూన్ 17, సోమవారం

మందు పొయ్యడం మొదలైంది. నలభై ఎనిమిది ఎలుకలు. 159. ఆమెకు 138. ఇవాళ కొంచెం ధైర్యంగానే చెప్పాను.

జూలై 18, గురువారం

ఎలుకలాయన మా జంతుశాల చూసుకునే మనిషి. పాతికేళ్ళ అనుభవం. ఒక్కో ఎలుకతోనూ పేరంటంలో పలకరించినట్టు మాట్లాడతాడు. ఇవాళ మందు పోస్తూ, "ఈసారి ఇవి గొడవ చెయ్యడం లేదు సార్. పోయినసారి చేదుకి నా వేళ్ళు కొరికి పెట్టాయి. ఇప్పుడు పాలు తాగినట్టు తాగుతున్నాయి," అన్నాడు.

"అలవాటుపడి ఉంటాయి," అన్నాను.

"ఇవి కొత్తవి కదా సార్!"

నాకు వేరే పని గుర్తొచ్చి వచ్చేశాను.

జూలై 19, శుక్రవారం

173. ఆకు నీడలోనే ఆరింది.

ఆగస్టు 2, శుక్రవారం

ఎలుకల షుగరు దిగలేదు. ఒక్కటంటే ఒక్కదానికీ దిగలేదు. మందు తాగినవీ తాగనివీ ఒకే దారిన పోతున్నాయి. ఇంకా రెండు వారాలుంది. ఆలస్యంగా పనిచేసే మందులు కూడా ఉంటాయి.

ఆగస్టు 16, శుక్రవారం

ఇవాళ అన్నిటినీ కోశాం. కాలేయాలన్నీ పసుపుపచ్చగా, ముట్టుకుంటే వేలికి జిడ్డు. నలభై ఎనిమిది. ఎలుకలాయన ఖాళీ పెట్టెలు కడుగుతూ నన్ను ఏమీ అడగలేదు. అడిగితే బావుండేది.

ఆగస్టు 19, సోమవారం

మీటింగు. బల్ల చుట్టూ తొమ్మిదిమంది. పెద్దసారు కాగితాలు పక్కకి నెట్టి సూటిగా నన్నే అడిగారు: "పోయినసారి పనిచేసిన ఆకు ఈసారి ఎందుకు పనిచెయ్యలేదు? ఏం మారింది?"

అందరూ నా వైపే చూస్తున్నారు.

"ఆకు విషయంలోనే నాకు కొంచెం అనుమానంగా ఉంది సార్," అన్నాను.

అంతే అన్నాను. 'ఆకు విషయంలో' అన్నాను. నిజానికి అది అబద్ధం కాదు. మిగతాదంతా వాళ్ళే అల్లుకున్నారు. కొండ మీద అలాంటి తీగలు ఇంకో రెండున్నాయని ఒకాయన, ఆవిడకి వయసైపోయిందని ఇంకొకాయన. రెమ్మలు దాచావా అని పెద్దసారు అడిగారు. లేదన్నాను. పొడిని చూసి ఏ తీగదో ఎవరు చెప్పగలరు? పది నిమిషాల్లో తేల్చేశారు. అనుమానం ఉన్న సరుకులో ఏయే పదార్థాలున్నాయో యంత్రంలో పెట్టి చూడాలని ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది.

ఆగస్టు 21, బుధవారం

ఉత్తరం చిత్తుప్రతి నన్నే రాయమన్నారు. ఆకుల పెద్దమ్మ దగ్గర మొక్కలు తీసుకునే అన్ని ల్యాబులకీ, మందుల తయారీవాళ్ళకీ వెళ్తుంది. పెద్దసారు 'కల్తీ' అని రాయమన్నారు. నేను పట్టుబట్టి 'మొక్కను గుర్తించడంలో పొరపాటు' అని మార్చాను. అంతవరకూ ఆమెకి న్యాయం చేశాను.

177. మా ఆవిడకు 140. రోజూ 140 చెబితే అనుమానం వస్తుంది. రేపు 151 చెప్పాలి.

ఆగస్టు 29, గురువారం

పెద్దమ్మ వచ్చింది. పొద్దున తొమ్మిదింటి నుంచీ వరండాలో బల్ల మీద కూర్చునుందట. నేను వెనకవైపు మెట్ల మీంచి వెళ్ళాను కాబట్టి చూడలేదు. వెనకవైపు మెట్లు దగ్గర దారి.

పదకొండింటికి తలుపు దగ్గరికే వచ్చి నిలబడింది. చేతిలో వేళ్ళతో సహా పీకిన తీగ, మట్టితో.

"బాబూ, నా ఆకు ఎవరూ తీసుకోవడం లేదు. ఇక్కణ్ణుంచి కాగితం వచ్చిందంటున్నారు. నేను వేరే ఆకు తెచ్చానంటగా?"

"పెద్దలు తేల్చారు పెద్దమ్మా. నా చేతిలో ఏముంది?"

"పెద్దలు ఆకు చూశారా?"

ఫోను మోగింది. మోగలేదు, మోగినట్టు ఎత్తాను. ఆమె కాసేపు చూసి తీగని తలుపు పక్కన జాగ్రత్తగా ఆనించి వెళ్ళిపోయింది.

ఆగస్టు 30, శుక్రవారం

తీగ ఇంకా తలుపు దగ్గరే ఉంది. ఊడ్చే ఆమెను కూడా తియ్యొద్దన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

సెప్టెంబరు 5, గురువారం

మళ్ళీ వచ్చింది. ఈసారి తిట్టడానికొచ్చిందేమో అనుకున్నాను. తిడితే ప్రాణానికి సుఖంగా ఉండేది.

"నీ తప్పు కాదు బాబూ," అంది. "చదువుకున్నోళ్ళు ఊరికే అంటారా? ఇంటికెళ్ళి ఆలోచించుకున్నాను. ఆ రోజు రెండు గోతాలు నా కోడలు కోసింది. దానికి ఎప్పుడూ తొందరే. అదే ఏదో కలిపేసి ఉంటుంది. అడిగితే లేదని ఏడిచింది. నోటికొచ్చినట్టు అన్నాను. ఇప్పుడది నాతో మాట్లాడ్డం లేదు, కొండకీ రావడం లేదు. బట్టల మిల్లులో చేరిపోయింది."

"కోడల్ని అనకండి పెద్దమ్మా," అన్నాను.

"మరెవర్ని అనను?" అంది.

వెళ్తూ వెళ్తూ ఒక గుడ్డమూట నా బల్ల మీద పెట్టింది. ప్రతి కోతలోనూ ఒక గుప్పెడు ఇంట్లో దూలానికి కట్టి అట్టేపెట్టడం ఆమె అలవాటట. "ఆ రోజు కోసిందే. నువ్వు చూసి ఏం కలిసిందో చెబితే, ఇంకోసారి ఆ పొరపాటు చెయ్యం," అంది.

సెప్టెంబరు 10, మంగళవారం

181.

మూటలోని ఆకుని పొడి కొట్టి, రసం తీసి యంత్రంలో పెట్టాను. ఆకులో ఉన్న పదార్థాలు ఒక్కొక్కటీ ఒక్కో గీతగా పైకి లేస్తాయి. షుగరు దించే పదార్థం పదకొండో నిమిషంలో లేస్తుంది. లేచింది. కాగితం పైఅంచు దాకా.

తర్వాత సీసాలోని మా పొడి పెట్టాను. పదకొండో నిమిషం వచ్చింది, పోయింది. చదును. మిగతా గీతలన్నీ రెండిట్లోనూ ఒకటే. ఒకే తీగ. ఒకే కోత.

రెండు కాగితాలూ సొరుగులో పెట్టి తాళం వేశాను. ఒక్కసారి చూసినంత మాత్రాన తేల్చకూడదు. పరిశోధన అంటే మూడుసార్లు చూడాలి.

సెప్టెంబరు 13, శుక్రవారం

మూడుసార్లు చూశాను.

సెప్టెంబరు 17, మంగళవారం

పెద్దమ్మ. చేతిలో రెండు రెమ్మలు. కూర్చోమంటే కూర్చోలేదు.

"కోడలు కలపలేదు బాబూ. అది నా మీద ఒట్టేసింది. అంటే నా కళ్ళే పోయాయి. కంటాసుపత్రికి వెళ్ళొచ్చాను. బాగానే ఉన్నాయంటారు వాళ్ళు. వాళ్ళకేం తెలుసు ఆకుల సంగతి?" రెమ్మలు రెండూ నా ముందు పెట్టింది. "ఇందులో ఒకటే చేదుతీగ. ఏదో చెప్పు."

చెప్పాను. కుడివైపుది.

"నాకూ అలాగే అనిపించింది," అంది. కాసేపు ఆ రెమ్మనే చూసింది. "కానీ ఆ రోజూ నాకలాగే అనిపించింది కదా."

రెమ్మలు మడిచి కొంగులో పెట్టుకుంది. "ఇక కోయను బాబూ. రేపు ఎవరికో మందని విషం ఇస్తే?"

ఆమె మెట్లు దిగుతుంటే నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. పిలవాలనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా చీకట్లో కూడా వేలితో తడిమి ఆకు చెప్పగలిగిన మనిషి, మెట్టు మెట్టుకీ ఆగి, ఉందో లేదో కాలితో చూసుకుని దిగింది. నేను పిలవలేదు.

సెప్టెంబరు 18, బుధవారం

సిగ్గులేని వెధవని.

సెప్టెంబరు 20, శుక్రవారం

మా ఆవిడ అడిగింది, "ఇవాళ ఎంత?" "148," అన్నాను.

"190," అంది.

చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. "మీటరులో పాతవన్నీ ఉంటాయండీ. ఆ మీట రెండుసార్లు నొక్కితే చాలు. మొదటివారం నుంచీ చూస్తూనే ఉన్నాను."

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారని."

తలెత్తలేకపోయాను. మూడున్నర నెలలుగా ఆమె నా అబద్ధం వింటూ, నిజం చూస్తూ, అన్నం తగ్గించి కూర ఎక్కువ వేస్తోంది. నేనది గమనించనేలేదు. అప్పుడు ఆకుని ల్యాబు ఓవెనులో ఆరబెట్టిన సంగతి మొత్తం చెప్పేశాను. మొదటిసారి పైకి అన్నాను ఆ మాట.

అంతా విని, "నాతో చెప్పుకుంటే మీ బరువు తగ్గుతుంది. ఆవిడకేం తగ్గుతుంది?" అంది.

సెప్టెంబరు 23, సోమవారం

పెద్దసారు ముందు రెండు కాగితాలూ పెట్టాను. వానలో ఆకు ఆరక ఓవెనులో పెట్టానని, ఆ వేడికి అసలు పదార్థం చచ్చిపోయిందని, పుస్తకంలో నీడ అని రాశానని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"ఓవెను సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాకు. మా ఆవిడకి. ఇప్పుడు మీకు."

"చాలదూ? కొత్త విడత మొదలుపెట్టినప్పుడు ఆవిడ పేరు మెల్లగా మళ్ళీ పట్టీలో చేరుద్దాం. అప్పటిదాకా నోరు కుట్టుకో. ఇది నీ ఒక్కడి పరువు కాదయ్యా."

సరేనన్నాను. తల కూడా ఊపాను. బయటికొచ్చి వరండాలో పెద్దమ్మ కూర్చున్న బల్ల మీదే కూర్చున్నాను. అక్కణ్ణుంచి నా గది తలుపు సూటిగా కనబడుతుంది. ఆ రోజు వెనకవైపు మెట్ల మీంచి వచ్చి గదిలో దూరిన నన్ను ఆమె చూసే ఉంటుంది.

సెప్టెంబరు 25, బుధవారం

సెలవు పెట్టాను. ఊరి చివర, బస్సు ఆగే చోటు నుంచి ఇంకో మైలు నడక. పెద్దమ్మ గడప మీద కూర్చుని ఖాళీ గోతాలు విప్పి మళ్ళీ మడత పెడుతోంది. ఇంట్లో ఇంకా ఆకుల వాసనే.

నిలబడే చెప్పాను. "ఆకు మీరు తెచ్చిందే. మీ కళ్ళూ మంచివే, మీ కోడలి చెయ్యీ మంచిదే. నేనే వేడిలో పెట్టి పాడుచేశాను. పాడుచేసి, మీ మీద తోశాను."

ఆమె గోతం మడత పూర్తిచేసింది. "ఎంత వేడి?"

"డెబ్బై డిగ్రీలు. ఒక రోజు పైగా."

"తీసినప్పుడు వాసన చూశావా?"

"చూశాను."

"తెలిసిందా?"

"తెలిసింది పెద్దమ్మా."

ఆమె నన్ను తిట్టలేదు. నీళ్ళు కూడా ఇవ్వలేదు. "నువ్వు చెప్పావని తప్పు నాదే అని నమ్మాను," అంది. "ఇప్పుడు కాదంటున్నదీ నువ్వే. ఏ మాట నమ్మమంటావు బాబూ?"

వెనుదిరిగి వెళ్ళబోతే, "కూర్చో," అంది. "నాకు చెప్పడం కాదు. అది మిల్లు నుంచి వచ్చేదాకా ఉండు. నేను దాన్నన్న మాటలన్నీ నీ నోటితో వెనక్కి తియ్యి. నేనంటే అది నమ్మదు."

గడప కింద రాయి మీద రెండు గంటలు కూర్చున్నాను. కోడలు వచ్చింది. జుట్టులో దూది. మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. రెండోసారి ఇంకా కష్టంగా ఉంది. పెద్దమ్మ గోడవైపు తిరిగి వింటోంది.

కోడలు కళ్ళు తుడుచుకుంది. "మమ్మల్ని గురించి రాసిన కాగితం అందరికీ పంపారు కదా సార్? ఇది మాత్రం మా గుమ్మం దాకానే వచ్చిందేం?"

సెప్టెంబరు 26, గురువారం

అందరికీ పంపాను. మొదటి ఉత్తరం ఎవరెవరికి పోయిందో వాళ్ళందరికీ. ఈసారి 'పొరపాటు' అని రాయలేదు. ఓవెను, డిగ్రీలు, గంటలు, నోటుబుక్కులో నేను రాసిన అబద్ధం, మీటింగులో నేనన్న మాట, అన్నీ రాసి కింద నా పేరు పెట్టాను. ల్యాబు నోటుబుక్కులో గీత కొట్టి పక్కన నిజం రాశాను. కాపీ పెద్దసారు బల్ల మీద పెట్టి వచ్చాను.

178. ఆమెకూ 178.

సెప్టెంబరు 30, సోమవారం

ఇక ల్యాబుకి రావద్దన్నారు. విచారణ అయ్యేదాకా అన్నారు, ఆ తర్వాత సంగతి ఎవరూ చెప్పలేదు. గోడకి అంటించిన నియమాల కాగితం అక్కడే వదిలేశాను. ఎలుకలాయన గేటు దాకా వచ్చాడు. "పాలు తాగినట్టు తాగాయని నేను ఆ రోజే చెప్పాను కదా సార్," అన్నాడు. చెప్పాడు. నిజమే.

అక్టోబరు 9, బుధవారం

ఉత్తరం కాపీ కోసం కోడలు ఇంటికొచ్చింది. మందులు తయారుచేసే ఒకాయన మళ్ళీ ఆకు అడిగాడట, కాగితం చూపించమన్నాడట. మిల్లు మానేసింది. మా ఆవిడ కూర్చోబెట్టి కాపీ చేతికిచ్చింది.

"పెద్దమ్మ కొండకి వస్తోందా?" అని అడిగాను.

"నిన్న వచ్చింది," అంది. "పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా నాతోనే ఉంది. కానీ ప్రతి కొమ్మా కోసే ముందు నన్నడిగింది సార్, ఇదేనా, ఇదేనా అని. నాకు నేర్పిందే ఆవిడ."

ఆమె వెళ్ళాక ఈ డైరీ తీసి వెనక్కి తిప్పాను. జూన్ 10. 'నీడలోనే ఆరింది.' దాన్ని చదివేవాళ్ళెవరూ లేరు. మా ఆవిడ చదవదు, పెద్దసారు చదవరు. నేనొక్కణ్ణే చదవడానికి రాసుకున్న చోట కూడా అబద్ధమే రాశాను.

ఆ మాట కనబడేలా ఒక్క గీత కొట్టాను. పక్కన రాశాను:

ఓవెనులో. డెబ్బై డిగ్రీలు. శనివారం పొద్దుటి నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా. నేనే పెట్టాను. తీసినప్పుడు ఆకు ఘాటు వాసన లేదు. నాకు తెలుసు.

సంతకం చేసి, ఇవాళ్టి తేదీ వేశాను.